మొదటి పుస్తకమే ‘చివరకు మిగిలేది’ ఇచ్చారా!

ప్రశ్న: మేం నాచారంలో ఉంటాం. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఫోన్లు పక్కన పడేసి కాసేపు పుస్తకాల గురించి మాట్లాడుకుందామని మా అపార్ట్‌మెంట్లో తొమ్మిదిమందిమి కలిసి నెలకో ఆదివారం సాయంత్రం మేడ మీద కూర్చోవడం మొదలుపెట్టాం. చదివే అలవాటు నాకే ఎక్కువని ఏ నెల ఏ పుస్తకమో చెప్పే పని నాకు అప్పజెప్పారు. మొదటి నెల ‘చివరకు మిగిలేది’ చెప్పాను. ఇద్దరే పూర్తి చేశారు, అందులో ఒకదాన్ని నేనే. రెండో నెల ‘మాలపల్లి’ అన్నాను, లావు చూసే సగంమంది పరారు. ఆర్టీసీలో చేసి రిటైరైన అంకుల్ ‘ఈ కల్పితాలు ఎందుకమ్మా, నిజంగా జరిగినవి ఉంటే చెప్పు’ అంటారు. నైట్ డ్యూటీలు చేసే నర్సు ఒకామె ‘చిన్నవి చెప్పండి అక్కా’ అంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అమ్మాయి తెలుగు కూడబలుక్కుని చదవాలి. మా అత్తయ్య వీక్లీ సీరియల్స్ తప్ప ఏమీ చదవలేదని మొహమాటపడి వెనకాల కూర్చుంటారు. ఇప్పుడు మూడో నెల వచ్చింది. ఎవరైనా ‘మంచి పుస్తకం చెప్పండి’ అంటే అసలు ఏ లెక్కన చెప్పాలి? పేర్లు కూడా చెబితే మేలు.
— ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వానని ముందే ఒప్పుకుంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ మీద నవ్వు కాదు. ముప్పై ఏళ్ళ కిందట నేనూ అచ్చం ఇదే పని చేశాను, అదీ డబ్బులు తీసుకుని మరీ.

నాకు చిక్కడపల్లిలో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి, మేడ మెట్ల కింద ఉన్న జాగాకి ఒక షట్టర్ బిగించుకున్నాను, అంతే. లోపల నేను కూర్చుంటే ఇంకొకరు నిలబడటానికి చోటుండదు. నవలకి రోజుకు అర్ధరూపాయి అద్దె, ఇరవై రూపాయల డిపాజిట్. పదకొండేళ్ళు నడిపాను. టీవీలో రోజువారీ సీరియళ్ళు మొదలయ్యాక సాయంత్రం ఆరు దాటితే మనిషి జాడ లేకుండా పోయింది, మూసేశాను. ఆ పదకొండేళ్ళలో నేను చేసిన పని ఒక్కటే, ‘మంచిది ఏదైనా ఉంటే ఇవ్వండి’ అన్నవాళ్ళ మొహం చూసి అర నిమిషంలో ఒక పుస్తకం తీసి చేతికివ్వడం. తప్పు పుస్తకం ఇస్తే మర్నాడే తెలిసిపోయేది. తిట్టేవాళ్ళు కాదు, పక్క సందులో షాపుకి పోయేవాళ్ళు.

షాపు పెట్టిన కొత్తలో నాకూ మీలాగే ఉండేది, గొప్ప పుస్తకాలన్నీ జనంతో చదివించెయ్యాలని. ‘చివరకు మిగిలేది’ మూడు కాపీలు కొన్నాను. బుచ్చిబాబు దాన్ని 1946–47లో ‘ఏకాంతం’ అన్న పేరుతో సీరియల్‌గా రాశారు, ఆ పేరులోనే ఉంది సంగతంతా. దయానిధి తల్లి గురించి ఊరు అనుకునే మాటలు, ఆ మాటల నీడలో అతను ఏ ఆడమనిషినీ తిన్నగా ప్రేమించలేకపోవడం, ఇదంతా బయట జరిగే కథ కాదు, మనిషి లోపల జరిగే నలుగుడు. అది ఒంటరిగా, తలుపేసుకుని, కాస్త దెబ్బ తిన్న వయసులో చదివేది. నేను ఇరవై రెండో ఏట సగంలో ఆపేశాను, నలభైలో మూడు రాత్రుల్లో అయిపోయింది. పుస్తకం అదే, కాపీ కూడా అదే. దాన్ని పట్టుకెళ్ళి, ఎప్పుడూ కలిసి చదవని తొమ్మిదిమంది ముందు, చాయ్ తాగుతూ మాట్లాడుకోండని పెడితే ఏమవుతుంది, ఎవరికి వారు ‘నాకే అర్థం కాలేదేమో’ అనుకుని నోరు మూసుకుంటారు. మీవాళ్ళు పారిపోయింది పుస్తకం నచ్చక కాదు, చదవలేదని నలుగురిలో ఒప్పుకోవడానికి సిగ్గుపడి.

‘మాలపల్లి’ సంగతి వేరు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని రాసిన నవల, అప్పటి మద్రాసు ప్రభుత్వం నిషేధించిన నవల, లావుగా ఉందని దాన్ని పక్కన పెట్టమనడానికి నాకూ నోరు రావడం లేదు. కానీ మీరు లెక్కల టీచరు కదా, లెక్క చూడండి. తొమ్మిదిమంది, మూడు కాపీలు, ముప్పై రోజులు. మనిషికి పది రోజులు వస్తాయి. నూట యాభై పేజీల పుస్తకమైతే రోజుకు పదిహేను పేజీలు, వంటా పిల్లలూ ఆఫీసూ ఉన్న మనిషికి అది జరిగే పని. ఆరువందల పేజీలదైతే రోజుకు అరవై, అందులో ఒక్కరు రెండు రోజులు ఆలస్యం చేశారంటే ఆ తర్వాతివాళ్ళ పని అయిపోయినట్టే. ‘ఏ లెక్కన చెప్పాలి’ అని అడిగారుగా, మొదటి ఏడాది ఈ లెక్కనే చెప్పండి. రెండువందల పేజీలు దాటినదాన్ని ముట్టుకోవద్దు.

ఇక అసలు విద్య. ‘మీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం’ అని ఎవర్నీ అడగకండి. ఆ ప్రశ్నకి జనం నిజం చెప్పరు, చెప్పాలనుకున్నా తెలియదు. నేను షాపులో అడిగేదాన్ని: ‘నిద్ర ఆపుకుని పూర్తి చేసింది ఈమధ్య ఏదైనా ఉందా?’ పుస్తకమే కానక్కర్లేదు, సినిమా అయినా సరే, పక్కింటివాళ్ళ గొడవ అయినా సరే. ఒకాయన ఉండేవాడు, మార్కెట్లో ఉల్లిగడ్డల కమీషన్ వ్యాపారం, ఎప్పుడూ భార్య కోసమే పుస్తకాలు తీసుకెళ్తున్నానని చెప్పేవాడు. ఒకరోజు ఈ ప్రశ్న వేస్తే, ‘మా అన్నదమ్ముల భూమి కేసు కాయితాలు, మూడు రాత్రులు చదివిన’ అన్నాడు. సరేనని కోర్టు గొడవలున్న నవల ఇచ్చాను. మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తకముందే నిలబడ్డాడు. ఆ తర్వాత భార్య పేరు చెప్పడం మానేశాడు.

ఇంకో ముచ్చట చెప్పాలి, మీ అత్తయ్యకి పనికొస్తుంది. అద్దె పుస్తకాల్లో ఒక రహస్య లిపి ఉండేది. వందల నవలలు చదివేవాళ్ళకి ఏది చదివారో ఏది లేదో గుర్తుండదు, పేర్లన్నీ ఒకేలా ఉండేవి. అందుకని ఒక్కొక్కరు తమకంటూ ఒక పేజీ పెట్టుకునేవాళ్ళు. ఒకామె ముప్పై ఏడో పేజీ తెరిచి, నంబరు పక్కన పెన్సిల్‌తో పెట్టిన చుక్క ఉందా అని చూసేది. ఉంటే, ‘గిది సదివిన, గీ చుక్క నాదే’ అని తిరిగి ఇచ్చేసేది. ఇంకొకరిది యాభయ్యో పేజీ, చిన్న త్రిశూలం. పదేళ్ళు తిరిగిన ఒక పాత నవల తీసి చూస్తే ఇరవై ముప్పై గుర్తులుండేవి. ఆ నవల ఎంత బాగుందో చెప్పడానికి నాకు ఏ సమీక్షా అక్కర్లేకపోయేది. వీక్లీ సీరియల్స్ చదివినావిడ అంటే వారం వారం కథ ఎక్కడ ఆపితే మనిషి గిలగిల్లాడతాడో ఇరవై ఏళ్ళు గమనించిన మనిషి. ఆమెని వెనకాల కూర్చోబెట్టారా! ముందుకు పిలవండి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఒక నెల పెట్టించండి, దాన్ని ఆమె చేతే పరిచయం చేయించండి. జయంతి ఆ రోజుల్లో ఆడపిల్లలకి ఎందుకంత నచ్చిందో ఆ సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఆమెని అడగాలి, ఆ అబ్బాయి అంత పొగరుబోతేంటి ఆంటీ అని కూడా అడగాలి. ఆ గంట మీ మేడ మీద అందరికంటే ఎక్కువ మాట్లాడేది మీ అత్తయ్యే అని నా నమ్మకం.

సరే, ఆర్టీసీ అంకుల్. ‘నిజంగా జరిగినవి’ అనేవాళ్ళు షాపులో నాకు రోజుకొకరు తగిలేవాళ్ళు, ఎక్కువగా మగవాళ్ళే, అదీ రిటైరయ్యాక. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. నాకైతే ఆయనకి ఇవ్వాల్సిన పుస్తకం మీ ఉత్తరం చదువుతుండగానే తట్టింది. ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒక భాషలో మాట ఇంకో భాషలోకి చెప్పేవాడిగా, పనిచేసిన ఆయన 1830 మే నెలలో పల్లకీ మోసే బోయీలతో, పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిలో మన హైదరాబాదు కూడా చూశాడు. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని ఆమడల దూరం, ఎక్కడ మంచినీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ బస, ఎక్కడ దొంగల భయం, ఏ సరుకు ఏ ధర, అన్నీ రాశాడు. మద్రాసులో ఉన్న స్నేహితుడికి రాసిన ఉత్తరాలవి, 1838లో ఆ స్నేహితుడే అచ్చు వేయించాడు. బతుకంతా రూట్లూ స్టేజీలూ చూసిన మనిషికి ఇది రెండొందల ఏళ్ళ నాటి రూట్ చార్టు. భాష పాతదే గానీ ఉత్తరం భాష, పది పేజీలు ఓపిక పడితే అలవాటవుతుంది. మొత్తం చదవమనకండి, అది లావు పుస్తకమే. హైదరాబాదు దాకా ఉన్న భాగం చదివి మిగతావాళ్ళకి చెప్పమనండి. ఆయనకి ఒక పని అప్పజెప్పినట్టూ ఉంటుంది.

అందరూ చదవడానికి నిజమైన కథే కావాలంటే కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. ఊహ తెలియని వయసులో పెళ్ళి, పసితనంలోనే వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, భర్తతో పాటు కమ్యూనిస్టు పార్టీ పని, అజ్ఞాతవాసం. ఆ తర్వాత ఆ భర్తే, కొండపల్లి సీతారామయ్య, ఆమెని వదిలేశాడు. నడివయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ళ మీద తను నిలబడింది. కొడుకూ పోయాడు, కూతురూ పోయింది. 2012లో పుస్తకం వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి, 2018లో నూరేళ్ళు నిండాక కన్నుమూసింది. ఇంత బతుకూ సన్నటి పుస్తకంలో, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పింది. నేను ఇలా వరసగా చెబితే ఏడుపు పుస్తకం అనుకుంటారు, కాదు. ఆమె ఏడవాల్సిన చోట కూడా రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు నడిచిపోతుంది, మనమే పుస్తకం మూసి కాసేపు బాల్కనీలోకి వెళ్ళి నిలబడాల్సి వస్తుంది.

అయితే ఇది ఇచ్చేముందు మీ తొమ్మిదిమందిలో బిడ్డని పోగొట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. ఊరికే అనడం లేదు. షాపు పెట్టిన రెండో ఏడు ఒకామె వచ్చి, ‘బాగా ఏడిపించే నవల ఉంటే ఇవ్వండి’ అంది. అలా అడిగేవాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు, ఏడుపు నవలలకి విడిగా ఒక అరే ఉండేది. నేను మారు ఆలోచించకుండా ఒకటి తీసి ఇచ్చాను, అందులో పసిపిల్ల జబ్బు చేసి పోతుంది. మర్నాడు మధ్యాహ్నం ఎండలో వచ్చింది. ఏమీ అనలేదు. పుస్తకం బల్ల మీద పెట్టి, దాని మీద అద్దె అర్ధరూపాయి పెట్టి వెళ్ళిపోయింది, డిపాజిట్ కూడా అడగలేదు. వారం తర్వాత పక్కనున్న టైలరు చెప్పాడు, ఆమె కూతురు పోయి ఆరు నెలలైందని. ఆ ఇరవై రూపాయలు చాలాకాలం డబ్బాలో విడిగా ఉంచాను, ఆమె మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి పుస్తకం ఇస్తూ ‘ఇందులో ఇది ఉంది, మీకు పర్లేదా’ అని ముందే అడగడం నేర్చుకున్నాను. కథ చెప్పేస్తే మజా పోతుందంటారా, పోతే పోనివ్వండి.

నిజమైన కథల్లో ఇంకో చిక్కు ఉంది, ఇది అంకుల్‌గారికి నెమ్మదిగా చెప్పండి. అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వచ్చింది, సహవాసి దాన్ని ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. కుంటా కింటే అనే కుర్రవాణ్ణి ఆఫ్రికా నుంచి ఎత్తుకుపోయి అమెరికాలో బానిసగా అమ్మిన దగ్గర్నుంచి రచయిత దాకా ఏడు తరాలు. మా షాపులో అది ‘యథార్థం’ అని రాసిన అరలో ఉండేది, నేనూ నిజమనే చెప్పి ఇచ్చేదాన్ని. తర్వాత తెలిసింది, హెరాల్డ్ కూర్లాండర్ అనే ఇంకో రచయిత తన నవల్లోని భాగాలు ఇందులో ఉన్నాయని కోర్టుకెక్కితే 1978లో హేలీ ఒప్పుకుని డబ్బు కట్టి రాజీ పడ్డాడని, వంశవృక్షాలు వెతికేవాళ్ళు కొన్ని తరాల లంకెలు రికార్డులకి సరిపోవడం లేదని చూపించారని. హేలీ కూడా దాన్ని పూర్తి చరిత్ర అనలేదు, కొంత కల్పన కలిసిందనే చెప్పాడు. మరి ఆ పుస్తకం ఇవ్వడం మానేశానా? లేదు. బానిస ఓడ అడుగున మనుషుల్ని ఎలా కుక్కారో ఆ పేజీలు చదివినవాళ్ళు మర్చిపోలేరు, ఓడలూ సంతలూ గొలుసులూ ఏవీ కల్పన కాదు. అరలో చీటీ మాత్రం పీకేశాను. ఇప్పుడు ఎవరికైనా ఇస్తే ఈ గొడవ కూడా రెండు ముక్కల్లో చెప్పి ఇస్తాను. ‘నిజంగా జరిగింది’ అని అట్ట మీద ఉన్నంత మాత్రాన అంతా జరిగినట్టు కాదు, ఆత్మకథ రాసినవాళ్ళు కూడా తమకి గుర్తున్నదే రాస్తారు కదా.

దీన్నిబట్టి నాకు తోచిన ఉపాయం ఒకటుంది. కల్పన వర్సెస్ నిజం అని మీ మేడ మీద రెండు పార్టీలు తయారైనట్టున్నాయి కదా, వాళ్ళకి జంటలు కట్టి ఇవ్వండి. ఒక నెల నవల, తర్వాతి నెల అదే నేల మీద, అదే కాలంలో జరిగిన నిజం.

దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ ఒక నెల. నిజాం కాలపు పల్లె, దొర గడీ, బతుకుదెరువుకి ఆ ఊరొచ్చిన సంగీతం మాస్టారు. తర్వాతి నెల ఆయనే రాసుకున్న ‘జీవనయానం’ నుంచి చిన్ననాటి భాగాలు మాత్రం. నవలలో చదివిన ఊరు, వెట్టి, భయం, ఆయన బతుకులో ఎక్కడెక్కడున్నాయో అంకుల్‌గారు పెన్సిల్ పట్టుకుని వెతుక్కుంటారు. లేదంటే జీవనయానం బదులు ‘మనకు తెలియని మన చరిత్ర’ తీసుకోండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికి స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి 1986లో వేసిన పుస్తకం. చాకలి ఐలమ్మ మాట్లాడిన మాటలు అందులో ఉన్నాయి. మనిషికొక ఆడమనిషి కథ పంచుకుంటే తొమ్మిదిమందికి తొమ్మిది కథలు, ఎవరూ పుస్తకం మొత్తం చదవక్కర్లేదు. నర్సమ్మకి ఇది బాగా కుదురుతుంది.

ఇంకో జంట నాకు చాలా ఇష్టం, కాకపోతే దొరకడం కష్టం. శారద అని ఒక రచయిత, పేరు చూసి ఆడమనిషి అనుకునేరు, అసలు పేరు నటరాజన్. మాతృభాష తమిళం. తెనాలిలో హోటల్ సర్వర్‌గా పనిచేస్తూ తెలుగు నేర్చుకుని తెలుగులో నవలలు రాశాడు, 1955లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన ‘మంచీ చెడూ’ చదివి, వెంటనే ఆయన స్నేహితుడు ఆలూరి భుజంగరావు రాసిన ‘సాహిత్య బాటసారి శారద’ చదవాలి. టేబుళ్ళు తుడిచిన చేతులతో రాత్రి ఏం రాశాడో ఒక పుస్తకంలో ఉంటుంది, ఏ ఆకలితో రాశాడో రెండో పుస్తకంలో ఉంటుంది.

నర్సమ్మ ‘చిన్నవి’ అన్నదిగా, డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఇవ్వండి. ఈనడానికి అడవిలోకి పోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన బయల్దేరతాడు. ఒక నైట్ డ్యూటీ ఎంత సేపో కథ నడిచే కాలం ఇంచుమించు అంతే, సాయంత్రం మొదలై రాత్రంతా అడవిలో. రాసినాయన కూడా డాక్టరే, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశారు. చివరికేమవుతుందో చెప్పను, ముసలాయన పేరేంటని కూడా అడగకండి. షాపులో ఇది ఎప్పుడూ రెండు కాపీలు ఉంచేదాన్ని, ఒకటి ఎవరో ఒకరు తిరిగి ఇవ్వడం మర్చిపోయేవాళ్ళు.

సాఫ్ట్‌వేర్ అమ్మాయికి ‘కాలాతీత వ్యక్తులు’. రాసిన పి. శ్రీదేవి డాక్టరు, 1961లో ముప్పై రెండేళ్ళకే చనిపోయింది. నవల 1957–58లో వారపత్రికలో వచ్చింది, ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి మూలం ఇదే. కానీ సినిమా చూసి నవలని అంచనా వెయ్యొద్దు. ఇందిర అనే పిల్ల ఉంటుంది, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తనకి కావాల్సింది తను తీసుకుంటూ, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. మా షాపులో ఈ నవల తిరిగి ఇస్తూ సగంమంది ఇందిరని తిట్టేవాళ్ళు, సగంమంది వెనకేసుకొచ్చేవాళ్ళు. మేడ మీద మాటలు రావడానికి ఇంతకంటే మంచి నవల నాకు తెలియదు. వాక్యాలు తేలిక, సంభాషణలు ఎక్కువ, కూడబలుక్కునేవాళ్ళకి కూడా మూడో చాప్టర్‌కి ఊపు అందుతుంది. మాండలికంలో రాసినవి ఆమెకి ఇప్పుడే వద్దు, అవి కంటితో చదివితే గజిబిజి, ఎవరైనా పైకి చదివితే మాత్రం భలే అర్థమవుతాయి.

మీలో ఎవరైనా ఉస్మానియా హాస్టల్లో ఉండి చదివారా? ఉంటే వాళ్ళొక్కరికి విడిగా ‘అంపశయ్య’ ఇవ్వండి. ఆ క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు బతుకు, అతని బుర్రలో తిరిగేదంతా. నవీన్‌గారి పేరుకి ముందు ఆ నవల పేరే ఇంటిపేరులా అతుక్కుపోయింది. అందరికీ పెట్టకండి, మళ్ళీ మొదటి నెల కథే అవుతుంది.

పుస్తకం ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి అనేదానికి నా అలవాటు చెబుతాను. ‘తప్పకుండా చదవాల్సిన పుస్తకం’ అని ఎప్పుడూ అనను. ఆ మాట అన్నామంటే అది హోంవర్క్ అయిపోతుంది, మీకు చెప్పాలా. ‘నాకు ఫలానా చోట నవ్వొచ్చింది’, ‘ఫలానా మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం’, ఇలా ఒక్క ముక్క చెప్పి ఇచ్చేస్తాను. యాభై పేజీలు చదివాక నచ్చకపోతే ఆపెయ్యమని కూడా అప్పుడే చెబుతాను. షాపులో మర్నాడే వెనక్కి తెస్తే అద్దె తీసుకునేదాన్ని కాదు, దానివల్ల నష్టపోలేదు, జనం ధైర్యంగా కొత్తవి పట్టుకెళ్ళేవాళ్ళు. మధ్యలో లిఫ్ట్‌లో కనబడినప్పుడు ‘ఎంతవరకు వచ్చారు?’ అని మాత్రం అడగొద్దు. అడిగారంటే రేపట్నుంచి మిమ్మల్ని చూసి మెట్ల దారిన పోతారు. అడగనివాళ్ళకి పుస్తకం చెప్పడం కూడా అనవసరం.

వట్టికోట ఆళ్వారుస్వామిని ఇక్కడ తలుచుకోకుండా ఉండలేను. వంటమనిషిగా, హోటల్ సర్వర్‌గా పనిచేసిన మనిషి, 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మాడు. నిజాం రాజ్యంలో, తెలుగు చదవడమే గగనమైన రోజుల్లో! ఆయన రాసిన ‘ప్రజల మనిషి’ కూడా మీ జాబితాలో ఎప్పుడో ఒకప్పుడు ఉండాలి. గుమ్మంలో నిలబడి ఏం చెప్పి పుస్తకం చేతిలో పెట్టేవాడో అని నాకు ఇప్పటికీ కుతూహలం.

దొరికే చోట్లు. కొత్తవి కాచిగూడలో నవోదయలో అడగండి. ఆదివారం పొద్దున ఆబిడ్స్‌లో షాపులు మూసి ఉన్నప్పుడు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో వెతకండి, కానీ అక్కడ ఒకే పుస్తకం మూడు కాపీలు దొరకడం కల్ల, అది మీ సొంత సరదాకి. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నుంచి ఉంది, అచ్చులో లేనివి చూడటానికి మా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. డిసెంబర్ దాకా ఆగగలిగితే బుక్ ఫెయిర్‌కి తొమ్మిదిమందీ కలిసి వెళ్ళండి, అక్కడ ఎవరు ఏ స్టాల్ ముందు ఎక్కువసేపు ఆగారో దూరం నుంచి గమనించండి, ఆపైన మీకు నా సలహా అవసరం పడదు.

ఇంతకీ ఈ మూడో నెల ఏం చెప్పాలి? మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిస్టర్ పార్వతీశం’, మొదటి భాగం మాత్రమే. 1924 నాటిది. మొగల్తూరు కుర్రవాడు ఎవరికీ చెప్పకుండా బారిస్టరవుదామని రైలెక్కి, ఓడెక్కి ఇంగ్లండు పోవడం. దీన్ని ఇంటికి పంచకండి. మేడ మీదే మనిషికి నాలుగు పేజీల చొప్పున పైకి చదవండి. చదవలేదని సిగ్గుపడే పని ఎవరికీ ఉండదు, ఆ అమ్మాయి తడబడినా నవ్వుల్లో కలిసిపోతుంది. టోపీ కొన్న సంగతి వచ్చే పేజీలు మాత్రం మీ అత్తయ్య వంతు వచ్చేలా లెక్క వేసుకుని కూర్చోబెట్టండి, లెక్కలు మీకొచ్చు కదా.

కాశీయాత్ర చరిత్ర ఎక్కడా దొరక్కపోతే నాకు రాయండి, అంకుల్‌గారి కోసం నా కాపీ పంపిస్తాను. డిపాజిట్ అక్కర్లేదు గానీ తిరిగి ఇవ్వాలి. ముప్పై ఏడో పేజీలో చుక్క ఉంటుంది, అది నాది కాదు, చెరపకండి.